ఇంటి కింద గది

మూడో వరద వచ్చి పోయిన మరుసటి ఏడాది అది. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నది దిగువ వీధుల్లో గోడల మీద బురద గీత ఇంకా పూర్తిగా పోలేదు. ఎత్తున ఉన్న పాడింగ్టన్ గట్టు మీద మాత్రం ఆ గీత చూసే ఇళ్ళ ధరలు పెరిగాయి.

శనివారం పొద్దున రేలీన్ భర్త డెస్ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఇంటి వేలం పదకొండింటికి. డెస్ బనీనుతో నిలబడి టోస్టు తింటూ చెప్పాడు.

"అక్కడ నువ్వు నోరు విప్పకు, రే. ఇల్లు నచ్చిందని నీ మొహం చూస్తేనే తెలిసిపోతుంది. ఆడది వంటగది చూసి నవ్విందంటే ఏజెంటుకి పండగ."

ఆమె కాలరు తిప్పి ఇస్త్రీ చేసింది. ఏ వంటగది చూసి నవ్విందో ఆమెకు గుర్తు రాలేదు. ఎనిమిది నెలలుగా ప్రతి శనివారం ఇళ్ళు చూస్తున్నారు. ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా చెప్పులు విప్పడం, ఎవరో ఒక ఏజెంటు కుర్రాడు నవ్వుతూ చెయ్యి చాపడం, ఆ చెయ్యి ముందు డెస్‌కే రావడం. తర్వాత ఆ కుర్రాడు ఆమెను పొయ్యి దగ్గర వదిలేసి డెస్‌ను వరండాలోకి తీసుకుపోతాడు. ధర, నేల, కప్పు, చెదలు, అన్నీ వరండాలో మాట్లాడుకుంటారు. ఆమె పొయ్యి దగ్గర నిలబడి, ఈ వరండా కమ్మీలు ఎవరు తుడుస్తారు, ఈ అద్దాల పలకలు ఒక్కొక్కటీ తీసి ఎవరు కడుగుతారు, ఈ చెక్క జాలీలో సాలెగూళ్ళు ఎవరు దులుపుతారు అని లెక్క వేసుకుంటుంది. నూటపాతికేళ్ళ చెక్క ఇళ్ళు అవి. మార్చడానికి నగరపాలక సంస్థ ఒప్పుకోదు. ఎలా ఉన్నదాన్ని అలాగే మెరిపించాలి. మెరిపించడం అన్న మాట డెస్ నోట్లోంచి వచ్చినప్పుడల్లా, ఆ పని తనంతట తానే జరిగిపోతుందన్నట్టు వినిపిస్తుంది. పంపులు, పైపులు బాగుచేసే అతని వ్యాపారం కూడా అలాగే తనంతట తానే పెరిగింది. ముప్ఫై ఏళ్ళు ఇంటి ఫోను ఎత్తింది ఆమె. పసిదానికి పాలిస్తూ, చంకలో ఫోను ఇరికించుకుని, ఇంట్లో నీళ్ళు చిమ్ముతున్నాయని ఏడ్చే మనిషికి మీటరు పక్కన కుళాయి ఎటు తిప్పాలో చెప్పింది. వ్యాపారం అమ్మిన రోజు విందులో డెస్ లేచి, "ఇదంతా నా రెండు చేతుల కష్టం" అన్నాడు. అందరూ గ్లాసులెత్తారు. ఆమె కూడా ఎత్తింది.

ఇప్పుడు ఇల్లు కొనే డబ్బు ఆమె తల్లిది. తల్లి ఊరి చివర రాళ్ళ నేల కొన్నప్పుడు డెస్ నవ్వాడు. "మీ అమ్మ తుప్పలు కొంది, కంగారూలకి అద్దెకిస్తుందేమో" అన్నాడు. తల్లి పోయాక, ఇళ్ళు కట్టే కంపెనీ వాళ్ళు ఆ తుప్పల కోసం ఎగబడ్డారు. అప్పటినుంచీ డెస్ నోట అది "మన డబ్బు" అయింది. వ్యాపారం అమ్మిన డబ్బు మాత్రం ఇప్పటికీ "నా డబ్బే".

"బెల్టు ఎక్కడ?" అన్నాడు డెస్.

"నీ నడుముకే ఉంది."

*

ఇల్లు గట్టు నడినెత్తిన ఉంది. పొడవాటి కొయ్య స్తంభాల మీద చెక్క ఇల్లు, రేకు కప్పు, మూడు వైపులా వరండా. వరండాలోంచి చూస్తే ఊరంతా కనిపిస్తుంది. కింద, స్తంభాల మధ్య గోడలు కట్టి ఒక గది చేశారు. పక్కనే బట్టల తొట్టి, వాషింగ్ మెషిన్ పెట్టే చోటు. గది పైకప్పు జానెడు తక్కువ. అందుకని రూలు ప్రకారం దాన్ని పడకగది అని రాయకూడదు. ప్రకటనలో "అన్నిటికీ పనికొచ్చే గది" అని రాశారు. మొదటిసారి చూసినప్పుడు డెస్ మెడ వంచి లోపలికి వెళ్ళి, "నీకు సరిగ్గా సరిపోయింది, రే! కుట్టు మెషిన్ ఇక్కడ పెట్టుకో" అన్నాడు. ఆమె బట్టల తొట్టి అంచు మీద దుమ్ము వేలితో తుడిచింది.

అనడానికి చాలా ఉంది. ఏళ్ళ తరబడి మళ్ళీ ఎత్తని మాట ఒకేసారి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఆమె పుట్టిన ఏడాదికే తండ్రి వెళ్ళిపోయాడు. తల్లి ఇదే గట్టు దిగువన, ఇలాంటి ఒక ఇంటి కింద, అద్దెకు చేరింది. అప్పట్లో ఇది పేదల వాడ. ఇంటివాళ్ళు పైన, వీళ్ళు కింద. గోడలు కూడా సరిగ్గా లేవు, చెక్క పట్టీలు, వాటి సందుల్లోంచి వాన. తల్లి పైవాళ్ళ బట్టలు ఉతికేది, ఇస్త్రీ చేసేది. అదే అద్దె. రేలీన్ పడుకుని పై నేల మీద నడిచే కాళ్ళు వినేది. ఎవరివి ఏ కాళ్ళో ఆమెకు తెలుసు. డెబ్భై నాలుగులో మొదటి వరద వచ్చిన రోజు నీళ్ళు మంచం ఎత్తుకు వచ్చాయి. తల్లి ఆమెను ఎత్తుకుని మెట్లెక్కి తలుపు కొట్టింది. ఇంటావిడ మంచిదే. టీ ఇచ్చింది, తువ్వాలు ఇచ్చింది. వరండాలో కూర్చోమంది. ఆ రాత్రి, ఆ మర్నాడు వరండాలోనే ఉన్నారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, తల్లి అడగనూ లేదు. ఈ మాట పెళ్ళైన కొత్తలో డెస్‌కు చెప్పింది. "అబ్బ, అప్పటి రోజులే వేరు" అన్నాడతను. అంతే.

పెరట్లో మామిడి చెట్టు కింద జనం చేరారు. ఏజెంటు కాఫీ బండి కూడా పెట్టించాడు. డెస్ తల్లి డల్సీకి మోకాళ్ళ నొప్పి. ఆమెను ఇద్దరు పట్టుకుని పై మెట్ల దాకా తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎనభై నాలుగేళ్ళు. గొంతుకు మాత్రం ఏ నొప్పీ లేదు.

వేలం పాడేవాళ్ళు ముందు పేరు రాయించుకుని నంబరు అట్ట తీసుకోవాలి. దానికి డ్రైవింగ్ లైసెన్సు చూపించాలి. డెస్ జేబులు తడుముకున్నాడు. పర్సు ఇంట్లో వదిలేశాడు. ముప్ఫై ఏళ్ళుగా అతని పర్సు గుర్తుపెట్టుకునేది రేలీనే. ఈ రోజు బెల్టు దగ్గర ఆగిపోయింది.

"నీ కార్డు చూపించు, రే."

ఏజెంటు పేరు కర్టిస్. పాతికేళ్ళుంటాయి. "అయితే మేడం ఒక్కరి పేరే రాయాలి సార్. గెలిస్తే కొనుగోలు కాగితం కూడా ఆమె పేరునే వస్తుంది. పర్లేదా?"

"రాయండి, రాయండి" అన్నాడు డెస్. "తర్వాత మార్చుకుంటాం. చెయ్యి ఆవిడది, బుర్ర నాది."

కర్టిస్ నవ్వాడు. పక్కన కాఫీ తాగుతున్న ఇద్దరు నవ్వారు. రేలీన్ సంతకం పెట్టి అట్ట తీసుకుంది.

వేలం మొదలైంది. డెస్ మోచేత్తో పొడిచినప్పుడల్లా ఆమె అట్ట ఎత్తింది. ఒకసారి కాస్త ఆలస్యం చేస్తే, "నిద్రపోతున్నావా?" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. వేలం వేసేవాడు అట్ట ఉన్న ఆమెను వదిలేసి డెస్ వైపే చూశాడు. "సార్ ఇంకో పాతిక వేలు అన్నారు! థాంక్యూ సార్!" అవతల చంటిబిడ్డతో ఉన్న జంట పాడుతోంది. కాసేపటికి ఎవరూ పెంచలేదు. వేలం వేసేవాడు ఇంటి యజమానితో మాట్లాడి వస్తానని లోపలికి వెళ్ళాడు. ఆ వీధి పెరళ్ళన్నిట్లో తిరిగే అడవి కోడి ఒకటి వచ్చి పూలమడిలో ఆకులు తవ్వసాగింది.

"ఒరే డెస్" అంది డల్సీ మెట్ల మీదనుంచి, పెరడంతా వినబడేలా. "ముందు గది నాది. స్నానాల గది దానికే ఉంది. సాయంత్రం ఊరి దీపాలు చూడొచ్చు."

"నీదేనమ్మా. వెనక గది నాది. మధ్య గదిలో బిలియర్డ్ బల్ల. బల్ల మెట్లెక్కుతుందో లేదో కొలవమని మనిషికి కూడా చెప్పాను."

రేలీన్ అడిగింది. "మరి నా మంచం?"

డెస్ ఆశ్చర్యంగా చూశాడు. తెలిసిన సంగతే కదా అన్నట్టు. "కింద. నా గురక భరించలేకపోతున్నానని నువ్వే కదా గోల పెట్టేది? కింద హాయిగా పడుకో."

"పక్కనే వాషింగ్ మెషిన్" అంది డల్సీ. "రాత్రి వేసుకుని, పొద్దున లేచి ఆరేసుకోవచ్చు. నాకు ఆ చప్పుడు పైకి రాకూడదు, అంతే. దానికి దీపాలతో పనేముంది, ఎనిమిదింటికే కునుకుతుంది."

"ఇది గట్టు, రే. ఇక్కడికి వరద రాదు. అలా చూస్తావేం?"

ఆమె చూస్తోంది వరదను కాదు. డెస్ మొహంలో దుర్మార్గం ఏమైనా ఉందేమోనని వెతికింది. లేదు. ఉంటే తేలికగా ఉండేది. అతను నిజంగానే ఆమె హాయి గురించి ఆలోచించాడు. ఆలోచించి, మనుషుల్ని, బల్లను పైన సర్ది, మిగిలినదాన్ని కింద పెట్టాడు. బల్లకు మెట్లు కొలిపించాడు. ఈ ఇల్లు చేజారితే వచ్చే శనివారం ఇంకో ఇల్లు చూస్తారు. దానికి కింద గది లేకపోతే వెనక గది ఉంటుంది, వెనక గది లేకపోతే వంటింటి పక్క ఇరుకు ఉంటుంది. ఏ ఇంట్లోనైనా ఆమె చోటు డెస్ ముందే చూసి పెట్టి ఉంటాడు. ఆ గది ఇళ్ళల్లో లేదు. అతను దాన్ని వెంట పెట్టుకు తిరుగుతున్నాడు.

వేలం వేసేవాడు బయటికొచ్చి చేతులు చరిచాడు. "అమ్మడానికి యజమాని ఒప్పుకున్నారు. ఇక ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళదే ఇల్లు!"

చంటిబిడ్డ జంట పెంచింది. డెస్ పొడిచాడు, రేలీన్ ఎత్తింది. వాళ్ళు పెంచారు. మళ్ళీ పొడిచాడు, ఎత్తింది. వాళ్ళు ఇంకాస్త పెంచారు. డెస్ ఆమె మణికట్టు పట్టుకుని కిందికి నొక్కాడు.

"చాలు. మన హద్దు దాటింది. పోనీ."

ఆమె మణికట్టు విడిపించుకుంది. అట్ట ఎత్తింది.

"ఇంకో పదివేలు" అంది. ఎనిమిది నెలల్లో ఏ వేలంలోనూ ఆమె గొంతు వినిపించడం అదే మొదలు.

వేలం వేసేవాడు అలవాటు కొద్దీ డెస్‌ను చూశాడు. "సార్? అంతేనా సార్?"

"కాదండీ, పొరపాటు..." అన్నాడు డెస్.

"ఆయన్ని అడక్కండి" అంది రేలీన్. "అట్ట నా చేతిలో ఉంది."

జనంలో ఎవరో ఆడమనిషి పెద్దగా నవ్వింది. వేలం వేసేవాడు ఒకసారి, రెండోసారి అన్నాడు. అవతలి అబ్బాయి తన భార్య వైపు చూశాడు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. సుత్తి పడింది. అడవి కోడి మాత్రం తలెత్తలేదు.

వంటింటి గట్టు మీద కర్టిస్ కాగితాలు పరిచాడు. కలం డెస్ వైపు చాపి, గుర్తొచ్చి, ఇటు తిప్పాడు. రేలీన్ గీత ఉన్న చోటల్లా సంతకం పెట్టింది.

"నేనెక్కడ పెట్టాలి?" అన్నాడు డెస్.

"మీది అక్కర్లేదు సార్."

కర్టిస్ కాగితాలు పట్టుకుని వెళ్ళాడు. డెస్ మెడ ఎర్రబడింది. "నీకు పిచ్చి పట్టిందా? హద్దు అనుకున్నామా లేదా?"

"నువ్వు అనుకున్నావు."

"పేరు నీదైనంత మాత్రాన ఇల్లు నీదైపోదు, రే. రేపు కోర్టుకెళ్తే సగం నాకిస్తారు. తెలుసా?"

"తెలుసు" అంది ఆమె. "సగం నీదే డెస్, కాదన్లేదు. కింది సగం. ముందు గది నాది."

తలుపు దగ్గర కుర్చీలో ఉన్న డల్సీ అన్నీ వింది.

"నన్ను ఇంటి కింద పడేస్తావా? ఈ వయసులో? మనుషులుండే చోటా అది!"

"మీకు మెట్లు ఎక్కే బాధ ఉండదు" అంది రేలీన్. తర్వాత మెల్లగా అంది. "మేం ఏడేళ్ళున్నాం, డల్సీ. నేనూ, మా అమ్మా. మనుషులమే."

కారెక్కి ఇంటికి వచ్చేశారు. సాయంత్రం రేలీన్ వంట చేయలేదు. పెళ్ళై వెళ్ళిపోయిన కూతురి గదిలోకి తన దుప్పటి తీసుకెళ్ళి, తలుపు వేసుకుని పడుకుంది. బాగా నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున వంటింట్లో కెటిల్ పొంగిన చప్పుడు, అలమారాలు ఒక్కొక్కటీ తెరిచి మూసిన చప్పుడు వినిపించింది. డెస్ టీ డబ్బా వెతుకుతున్నట్టున్నాడు. తర్వాత నడవలో అతని అడుగులు వచ్చి గది ముందు ఆగాయి. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో అతను ఆమె ఉన్న ఏ గదిలోకీ అడిగి వచ్చింది లేదు. ఇప్పుడు తలుపు పిడి కొద్దిగా తిరిగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. అతను తలుపు తట్టాడు. తట్టి, ఆమె జవాబు కోసం అక్కడే నిలబడ్డాడు.