నలభై ఒకటో నంబరు సమాధి

అమృతమ్మ శవపేటిక సాయంత్రం నాలుగు గంటలకు సమాధిలోకి దిగాలి. పదకొండింటికే, గోతులు తవ్వే యాదయ్య గడ్డపార పక్కన పడేసి కూర్చున్నాడు.

"సెక్రెటరీ సార్ తవ్వొద్దన్నడు, సాలమనన్నా."

పంజాగుట్టలోని ఆ చిన్న చర్చి శ్మశానంలో కొత్త గోతులకు చోటు లేక ఏళ్లయింది. భర్త సమాధినే తెరిచి భార్యను పైన ఉంచడం అక్కడి ఆనవాయితీ. అమృతమ్మ కోరుకున్నదీ అదే. 1970లో భర్త మసూచితో పోయినప్పుడు ఆమెకూ అది సోకి వేరే వార్డులో ఉంది. ఆయన ముఖం కూడా చూడనివ్వలేదు. "నన్ను ఆయన దగ్గరే పెట్టు" అని కొడుకు సాలమన్‌తో మాట తీసుకుంది.

సెక్రెటరీ నోయెల్ పాత రిజిస్టరు తెరిచాడు. అమృతమ్మ భర్త సమాధి, నలభై ఒకటో నంబరు ఎదురుగా ఎర్రసిరా: మసూచి. తెరవరాదు.

"చూశారుగా! రేపు ఊరంతా అంటుకుంటే ఎవరండీ బాధ్యులు?"

"మసూచి ప్రపంచంలనే లేదు అంకుల్" అంది సాలమన్ కూతురు జాయ్సీ. ఆమె నర్సు.

"అయితే ఆ మాట ఆరోగ్యశాఖతో రాయించుకు రండి. లేదా వేరే శ్మశానం చూసుకోండి."

సాలమన్ బండి మీద లక్డీకాపూల్‌లోని ఆరోగ్యశాఖ ఆఫీసుకు పరుగెత్తాడు. మూడంతస్తులు, ఐదు కిటికీలు. చివరి కిటికీలో గుమాస్తా నవ్వాడు.

"రోగం పోయింది, సెక్షన్ సుత పోయిందన్నా. లేని రోగానికి లెటర్ ఎవరిస్తరు?"

రెండున్నరకు వట్టి చేతులతో తిరిగొచ్చాడు. చర్చి ఆఫీసు గదిలో జాయ్సీ రిజిస్టరు ముందేసుకుని ఉంది.

"డాడీ, ముప్పై ఎనిమిదో నంబరు చూడు. గదే సంవత్సరం, గదే ఎర్రసిరా."

దాని కింద ఇంకో వరుస. 2019లో తెరిచారు. చర్చి కమిటీ ప్రెసిడెంటు తల్లి కోసం. సంతకం నోయెల్‌ది.

సాలమన్ రిజిస్టరును ఎదురుగా ఉన్న నోయెల్ వైపు తిప్పాడు. "గా రోగం పెద్దోళ్లను చూసి పక్కకు జరుగుతదా సార్?"

"వాళ్ల సంగతి వేరండీ. కమిటీ తీర్మానం ఉంది."

"మచ్చలు చూసి మా అమ్మ పక్కన బస్సుల ఎవ్వరు కూసోలే. మీ చర్చిల యాభై ఐదేండ్లు ఆఖరి బెంచీ. సచ్చినంక సుత గదేనా?"

నోయెల్ ఫోన్ తీశాడు. "పోలీసుల్ని పిలుస్తా."

"పిలువుండ్రి. ఈ పేజీ వాళ్లకే చూపిస్త."

ఫోన్ మెల్లగా జేబులోకి పోయింది.

సాలమన్ నేరుగా వెళ్లి గడ్డపార అందుకున్నాడు. కంప్యూటర్లు బాగుచేసే చేతులు. మొదటి పోటు రాతి మీద జారింది. యాదయ్య లేచొచ్చి గడ్డపార లాక్కున్నాడు.

"నీతోని కాదు. జర జరుగన్నా."

పేటిక ఐదింటికి దిగింది, భర్త మీదికే. నోయెల్ గేటు దగ్గర ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎర్రసిరా పేర్లు ఇంకా పదకొండున్నయి డాడీ" అంది జాయ్సీ.

సాలమన్ మట్టి చేతులతోనే గేటు వైపు నడిచాడు.

"సార్, సమాధి తెరవొచ్చని గా పదకొండు ఇండ్లకు ఫోన్ మీరు చేస్తరా, నేను చెయ్యాల్నా?"