కాడికి రెండో పక్క

మా మామగారు పోయాక పొలం రెండు ముక్కలైంది. ఉన్న ఎడ్ల జతలో బావ దానయ్యకు ఒకటి, మా ఆయన ఏసోబుకు ఒకటి వచ్చాయి. బావి మాత్రం ఉమ్మడి. నీళ్లు తోడే మోట తోలాలంటే రెండు ఎడ్లూ ఒకే కాడి కిందికి రావాలి. ఆ ఏడు మిరపకు తొలితడి ఎవరిదన్న పంతంలో బావ తన ఎద్దును కొట్టంలోనే కట్టేసుకున్నాడు.

"పక్క చేల ఆసామి ధనుంజయరావుగారు ఆయిల్ ఇంజను పెడతానన్నాడు. బావిలో మన సగం రాసిస్తే చాలంట. నీళ్లు మనకే," అన్నాడు మా ఆయన.

ఒళ్లో చంటిపిల్లాడు పాలు తాగుతున్నాడు. "మరి వీడికి మిగిలేదేందయ్యా?" అన్నాను.

మామగారి తండ్రి అబ్రహాము తాత మంచం మీద లేచి కూర్చున్నాడు. కుర్రతనంలో ఓడెక్కిపోయి ఆఫ్రికాలో, నెటాల్ చెరుకుతోటల్లో కూలి చేసొచ్చిన మనిషి.

"ఒరేయ్, నాతో చెరుకు నరికిన ఆ దేశపోడు, జులూవోడొకడు చెప్పేవాడు. వాళ్ల రాజు చచ్చిపోతే కొడుక్కీ దాయాదికీ గద్దె కోసం పోరంట. కొడుకు పొరుగున ఉన్న తెల్లరైతుల్ని పిలిచాడు. తుపాకులతో వచ్చి గెలిపిచ్చారు. ఈ జులూవోడి అయ్య గెలిచిన పక్కే. పాడుకుంటా ఇంటికొచ్చాడంట. ఇల్లు ఉన్నకాడే ఉంది. గెలిపిచ్చినందుకు కింద నేల తెల్లోడిదైంది. మర్నాటి నించి సొంత పెరట్లో కూలి."

"పల్నాట్లో అన్నదమ్ముల పోట్లాటలు చాల్లేదనా, సముద్రం అవతలి నించి ఇంకోటి మోసుకొచ్చావు!" మా ఆయన నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "నేను పోయి బావగారినడుగుతా. ఎద్దునిస్తాడు."

"పోయావంటే మళ్లీ ఈ గడప తొక్కమాక."

పోలేదు.

ఇంజను దడదడలకు పిల్లాడు ఉలిక్కిపడి ఏడ్చేవాడు. మా మిరప పచ్చబడింది. బావే దిగొచ్చి మా ఎద్దునడిగాడు. మా ఆయన ఇవ్వలేదు. గట్టు అవతల తోడికోడలు లీలావతక్క కడవతో మొక్కమొక్కకూ నీళ్లు పోస్తుంటే చూడలేక తల తిప్పుకునేదాన్ని. వాళ్ల పైరు దక్కలేదు. బావ ఎద్దును సంతలో అమ్మి, బావిలో తన సగం కూడా ధనుంజయరావుకే ఇచ్చేసి, పెళ్లాంపిల్లలతో దాచేపల్లి దిక్కు రాళ్లు కొట్టే పనికి వెళ్లిపోయాడు.

మరుసటేడు ఇంజను నీళ్లు ధనుంజయరావు చేలకు మళ్లాయి. పిల్లాడి గుడ్డలుతకడానికి నేను చేద వేస్తే ఆయన గుమస్తా కేకేశాడు.

"ఏమే, ఎవర్నడిగి తోడతన్నావ్?"

"మా మామ తవ్విన బావి ఇది."

"తవ్వినోడు పోయాడుగా. ఉన్నోణ్ణి అడుగు."

ఖాళీ బిందెతో ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన లేచాడు. అటక మీంచి మోట దించాడు, కాడి భుజాన వేసుకున్నాడు. "ఎవడు ఆపుతాడో చూస్తా," అంటూ ఎద్దును విప్పాడు.

"రెండోదేదిరా?" అన్నాడు తాత మంచంలోంచి.

మా ఆయన నిలబడిపోయాడు. కాడి భుజం మీంచి జారి వాకిట్లో పడింది. అలవాటు కొద్దీ ఎద్దు వచ్చి, కాడికి తన పక్కన మెడ వంచి నిలబడింది.