పాలపిట్ట ముందు చుక్క

జగ్గయ్యపేటలో నాకు ఫొటో స్టూడియో ఉంది. ఎగిరే పాలపిట్టను ఒక్కసారైనా సరిగ్గా తియ్యాలని పన్నెండేళ్ల ఆదివారాలు మునేటి గట్టున తగలేశాను. నాకు దొరికిందంతా తోకలూ, కరెంటు తీగ మీద కూర్చున్న పిట్టలూ.

రాజ్యశ్రీ టీచరు సెకండ్ హ్యాండ్ కెమెరా కొని నెల కూడా కాలేదు. మొన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చింది.

"పార్థసారథి గారూ, పెనుగంచిప్రోలులో ఆటో కోసం నిలబడి ఒకటి తీశానండి. కెమెరాలో దుమ్ముందేమో, ఆకాశమంతా చుక్కలు పడ్డాయి. కాస్త తుడిచిపెట్టరూ?"

తెరిచి చూశాను. ఒళ్లు మండిపోయింది. రెండు రెక్కలూ బారజాపి, ఆ నీలమంతా పరిచి, పాలపిట్ట నా కంప్యూటర్ నిండా ఎగురుతోంది. ఆటో కోసం నిలబడి తీసిందట!

చుక్కలు ఐదున్నాయి. నాలుగు తుడిచాను. ఐదోది సరిగ్గా పిట్ట ముక్కుకు ఎదురుగా ఉంది. పెద్దది చేసి చూస్తే దానికి కాళ్లున్నాయి. అది మిడత. పిట్ట దాన్ని అందుకోబోతోంది. తీసిన మనిషి ఆ సంగతి చూడనేలేదు.

దుమ్ము తుడవమంది కదా. అదీ తుడిచేశాను.

"ఎంత నీట్‌గా చేశారండీ!" అని మురిసిపోతూ ఆమె ఫ్రేము కట్టించుకుని వెళ్లింది.

అసలు ఫొటో మాత్రం నా దగ్గరే దాచుకున్నాను. రోజూ షట్టరు ఎత్తగానే ముందు దాన్ని తెరిచి, మిడత ఉందో లేదో చూసుకుంటాను. పక్కనే నా పన్నెండేళ్ల ఫొటోలున్నాయి. వాటిని తెరిచి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు.