మనుషుల్లేని ఫొటోలు

సంచి సర్దడం పెద్దకోడలికి కొట్టినపిండి. అత్తగారి మోకాళ్ళ తైలం పైన ఉండాలి, అడిగీ అడగకముందే చేతికి అందాలి. భర్త చొక్కాలు మడత చెడకుండా మధ్యలో. తన రెండు జతలూ అన్నిటికన్నా అడుగున, నలిగితే అడిగేవాళ్ళు లేరు కనుక. ఇంటిల్లిపాదీ సరస్సు చూడ్డానికి ఆరు రోజులు వెళ్ళాలని మగవాళ్ళు తేల్చారు. మీ కోడళ్ళిద్దరికీ కాస్త విశ్రాంతి అన్నాడు భర్త. ఆ విశ్రాంతి కోసం ఆమె చిన్న స్టవ్వు కూడా సర్దింది.

తోడికోడలు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, ఒక మాట చెప్తాను. ఎవరితోనూ అనకు."

పెళ్ళికి ముందు చిన్నకోడలు ఫొటో స్టూడియోలో పనిచేసింది. నాలుగేళ్ళపాటు పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించింది. పోయిన వారం ఆ స్టూడియో ఆవిడ బజారులో కనబడి, నువ్వు తీసినవి పది తెచ్చి చూపించు, బాగుంటే మళ్ళీ పనిలోకి రా అందట. ఇంట్లో మంచి కెమెరా ఉన్నది బావగారి ఫోనుకే. అందరినీ నిలబెట్టి తీసే పని ఎలాగూ తనదే. మధ్యమధ్యలో తనవి పది తీసుకుంటుంది.

"ఆ పదీ చేతిలో ఉంటే చాలక్కా. తర్వాత మీ మరిది ఎన్ని మాటలన్నా పడతాను."

సరస్సు దగ్గర అందరూ నీళ్ళు చూస్తుంటే చిన్నకోడలు గోడలూ మూలలూ చూసేది. మూసేసిన టికెట్ల కిటికీ ముందు ఎవరో మరిచిపోయిన గాజు గ్లాసు. వానకు తడిసిన పడవ బల్ల మీద, అప్పుడే లేచి వెళ్ళిన మనిషి కూర్చున్నంత మేర పొడి. ఆగి, ఊపిరి బిగబట్టి, ఒక్కటే తీసేది. గోడలు మనింట్లో లేవా అనేవాడు పెద్దకోడలి భర్త. ఈ పిల్లేంటి, సున్నం వేసేవాడిలా గోడ గోడా చూస్తుంది అని అత్తగారు అంటే అందరూ నవ్వారు. చిన్నకోడలూ నవ్వింది.

మూడోరోజు బస్టాండులో ఆమె ఫోను తెచ్చి చూపించింది. తెల్లటి గోడ మీద ఒక నీడ. భుజాల నుంచి, మోచేతుల నుంచి, వేళ్ళ నుంచి సంచులు వేలాడుతున్నాయి.

"ఎవరే ఇది?"

"నువ్వేనక్కా."

పెద్దకోడలికి ముందు నవ్వొచ్చింది. తర్వాత ఫోను దగ్గరకు లాక్కుని మళ్ళీ చూసింది. పద్దెనిమిదేళ్ళుగా ఎక్కడికి వెళ్ళినా ఫొటో తీసే వేళకు, కాస్త ఈ సంచులు పట్టుకో అని ఆమెను పక్కకు పంపేవాళ్ళు. ఆ పక్కన తను ఎలా ఉంటుందో ఇన్నాళ్ళకు ఒకరు చూశారు. ఆ పూట నుంచి ఆమెకూ కళ్ళు తెరుచుకున్నట్టయింది. చెల్లీ, అటు చూడు అంటూ చెయ్యి లాగేది. నీకేం కనిపిస్తోంది అని చిన్నకోడలు అడిగేది. ఆ ప్రశ్న ఆమెను అంతకుముందు ఎవరూ అడగలేదు. ఐదోరోజుకి పదీ పూర్తయ్యాయి.

ఆఖరి సాయంత్రం లాడ్జి గదిలో ఇద్దరూ కూరగాయలు తరుగుతున్నారు. పెద్దకోడలి భర్త కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఏదో సాయం చేసినవాడిలా చెప్పాడు.

"ఫోను నిండిపోయింది. మనుషుల్లేనివన్నీ తీసేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను."

చిన్నకోడలి కత్తి ఆగింది. "బావగారూ, వాటిల్లో అక్క ఉంది."

"మీ అక్క ఫొటోల్లో ఎప్పుడుందమ్మా?"

ఇంటికెళ్ళి ఎన్ని గోడలు కావాలంటే అన్ని తీసుకో అన్నాడు మరిది. అత్తగారు కూడా నవ్వింది. చిన్నకోడలు వాళ్ళెవరి వైపూ చూడలేదు. పెద్దకోడలి వైపు చూసింది. ఒక్క మాట చాలు. అవి ఊరికే తీసినవి కావు, దాని బతుకుతెరువు అని ఒక్క మాట. అది అంటే ఇంట్లో ఎంత రభస అవుతుందో, ఎవరెవరు అన్నం మానేస్తారో, ఎన్నాళ్ళు మూతులు ముడుచుకుని తిరుగుతారో పెద్దకోడలు క్షణంలో లెక్క వేసుకుంది. తన చదువు మధ్యలో ఆపించినప్పుడు, తన పుట్టింటి ప్రయాణం మూడుసార్లు తప్పిపోయినప్పుడు, తనకు తాను చెప్పుకున్న మాటే నోటికొచ్చింది.

"పోనీలే చెల్లీ. ఫొటోలేగా."

చిన్నకోడలు "అంతేలే అక్కా" అని మళ్ళీ కత్తి అందుకుంది. ఆ గొంతులో కోపమైనా ఉంటే బాగుండేది.

తర్వాత పోలీసు స్టేషన్లో చిన్నకోడలి ఫొటో అడిగారు. పెళ్ళినాటిది ఇస్తే, తొమ్మిదేళ్ళ కిందటిది పనికిరాదు, ఈమధ్యది తెమ్మన్నారు. అన్నదమ్ములిద్దరూ సోఫాలో కూర్చుని ఫోనులో ఉన్న మూడువందల పన్నెండూ వెతికారు. అందరూ ఉన్నారు, అందరూ నవ్వుతున్నారు. తీసిన మనిషి ఒక్కదాంట్లోనూ లేదు.

పెద్దకోడలు ఎవరికీ చెప్పకుండా స్టూడియోకి వెళ్ళింది. ఇటు రాలేదే అంది ఆవిడ. పది ఫొటోల సంగతి చెబితే తల పట్టుకుంది. "మాటవరసకి పది అన్నానమ్మా. ఉత్త చేతులతో వచ్చినా తీసుకునేదాన్నే. దాని చెయ్యి నాకు తెలీదా?"

ఆ రోజు నుంచి పెద్దకోడలి నోట పోనీలే అన్న మాట రాలేదు. పాలు పొంగినా రాదు, మాట పడ్డా రాదు. ఎందుకిలా జరిగిందని ఎదురు నిలబడి అడుగుతుంది. వయసు మీదపడి మొండికేసింది అంటాడు భర్త. అడగాల్సిన రోజు అడగలేదు కనుక ఇప్పుడు ఆమె ప్రతిదీ అడుగుతుంది.

సరస్సు నుంచి వచ్చిన ఐదోరోజు, శుక్రవారం, పొద్దున పదిన్నరకు చిన్నకోడలు ఇంట్లోంచి వెళ్ళింది. పదకొండేళ్ళయింది. తిరిగి రాలేదు.