అంత్యక్రియలు: రేపు ఉదయం

రామలక్ష్మి చావును గుడివాడ పూర్ణచంద్రరావు దొంగిలించాడు. ఇందులో వాదించడానికేమీ లేదు. మెళ్ళో గొలుసు లాక్కుపోయినవాణ్ణి దొంగ అన్నట్టే నరసింహం ఆ మాట అనేవాడు. గొంతు పెంచేవాడు కాదు. విన్నవాళ్ళు ఒప్పుకున్నారా లేదా అని వాళ్ళ మొహం చూసేవాడూ కాదు.

నరసింహానిది గిలకలదిండి. సముద్రం మీద బతికే ఇల్లు. ఊరి బళ్ళో ఏడో తరగతితో చదువు ఆగింది. వేట కలిసిరాక బందరు వచ్చి కోనేరు సెంటర్ దగ్గర ఎస్టీడీ బూత్ పెట్టాడు. వాటి కాలం చెల్లాక రెండు కంప్యూటర్లు కొని నెట్ సెంటర్‌గా మార్చాడు. భార్య రామలక్ష్మి తెలుగు టైపు నేర్చుకుంది. ఇద్దరూ కలిసి ‘తీరం కబురు’ అని ఒక వెబ్‌సైటు పెట్టారు.

అందులో ఉండేవన్నీ చావు కబుర్లే. తీరం ఊళ్ళ మగవాళ్ళు సగంమంది కాకినాడలోనో విశాఖలోనో బోట్ల మీద ఉంటారు. నడిసముద్రంలో ఫోన్లు పలకవు. అందుకే బోటు దిగగానే దగ్గర్లో ఉన్న నెట్ సెంటర్‌కి పోయి, మనవాళ్ళెవరైనా పోయారా, పోతే ఎన్నింటికి ఎత్తుతున్నారు అని చూసుకునేవారు. చూసుకుని బస్సెక్కేవారు. ఆ సైటు వల్ల కడసారి చూపు దక్కినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కబురు టైపు చేసేది రామలక్ష్మి. వేళ ఒకటికి రెండుసార్లు అడిగి గానీ వేసేది కాదు.

పూర్ణచంద్రరావుకు గుడివాడలో వార్తల సైటు ఉంది. నిండా ప్రకటనలు. వార్తలు రాసే మనిషి ఒక్కడూ లేడు. ఒక ప్రోగ్రాం ఉంది. బాట్ అంటారు దాన్ని. మనిషిలాగే వచ్చి పేజీలు తెరుస్తుంది, కానీ మనిషి కాదు. అలుపు లేదు, ఆగడం తెలియదు. కొత్త కబురు ఏదైనా పడిందేమోనని ‘తీరం కబురు’ పేజీలన్నిటినీ ఊపిరి తిప్పుకోనివ్వకుండా తెరుస్తూ ఉండేది. పడిందాన్ని పడగానే ఎత్తుకుపోయి గుడివాడ సైట్లో పెట్టేది. ‘తీరం కబురు’ ఉన్నది హైదరాబాదులో అద్దెకు తీసుకున్న చిన్న సర్వర్ మీద. ఆ తాకిడికి అది చేతులెత్తేసేది. అప్పుడు సైటు తెరిచినవాడికి తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు.

రామలక్ష్మి జ్వరంతో ఆసుపత్రిలో చేరి తిరిగి రాలేదు. ఆమె కబురును నరసింహం ఒంటివేలితో టైపు చేశాడు. మధ్యాహ్నం రెండింటికి ఎత్తుతామని రాశాడు.

ముత్తైదువుగా పోయిన ఆడదానికి పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. రామలక్ష్మికి పుట్టిల్లంటే తమ్ముడు రాము ఒక్కడే. ఆమే పెంచింది. రాము ఆ తెల్లవారుజామున కాకినాడలో బోటు దిగి ‘తీరం కబురు’ తెరిచాడు. తెల్లటి తెర. మళ్ళీ తెరిచాడు. అదే. పక్కనున్నవాడు గుడివాడ సైటు చూడమన్నాడు. అందులో అక్క ఫొటో ఉంది. ఫొటో కింద పెళ్ళిపట్టు చీరల మీద తగ్గింపు ప్రకటన. దాని కింద: ‘అంత్యక్రియలు: రేపు ఉదయం.’

అది ఎవరూ రాసింది కాదు. అసలు వేళ తీసేసి, చచ్చినవాళ్ళందరి పేర్ల కిందా ఆ యంత్రం అదే ముక్క వేస్తుంది.

రాము ఫోను చేశాడు. చావింట్లో గూట్లో మోగే ఫోను ఎవరికి వినిపిస్తుంది? రేపు ఉదయమేగా అనుకుని కొట్టు తెరిచేదాకా కూర్చుని, అక్కకు నచ్చే ఆకుపచ్చ రంగులో చీర ఏరి కొని, రాత్రి బస్సెక్కాడు. ఇక్కడ నరసింహం రెండు దాటినా ఆపించాడు. ఎండకి ఇక ఆగదని పెద్దలు తొందరపెట్టారు. రామలక్ష్మి అత్తింటి చీరతోనే వెళ్ళింది. తెల్లారి రాము చీర పట్టుకుని వచ్చేసరికి కప్పడానికి బూడిద ఉంది.

“ఇది నువ్వే ఉంచు బావా” అని ఆ చీర నరసింహం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ గడప తొక్కలేదు. ఆ చీర కవరు కూడా విప్పకుండా సెంటర్లో కంప్యూటర్ పైన అరలో ఉంది.

కర్మలయ్యాక నరసింహం గుడివాడకి ఫోను చేశాడు.

“చావు కబురుకి హక్కులేంటి మాస్టారూ?” అన్నాడు పూర్ణచంద్రరావు. “నలుగురికీ తెలియాల్సిందేగా. మీకు ఊరికే పబ్లిసిటీ ఇస్తున్నాను. నిజానికి మీరే నాకు థాంక్స్ చెప్పాలి.”

“వేళ మార్చావు.”

“నేను మార్చలేదండీ, ప్రోగ్రాం అట్లా వేస్తుంది. అందరికీ అట్లాగే వేస్తుంది. తీయిద్దామంటే రాసిచ్చినవాడు బెంగుళూరు పోయి కూర్చున్నాడు.”

“నా సైటు మీదకి దాన్ని పంపకు.”

“మీ తలుపులు మీరేసుకోవాలి మాస్టారూ. తీసిపెట్టి నన్నంటే ఎట్లా?”

“వేసుకుంటాను” అని నరసింహం ఫోను పెట్టేశాడు.

ఆ నెల్లోనే సర్వర్ కంపెనీవాళ్ళు గట్టిగా చెప్పారు. మీ సైటు అదే సర్వర్ మీదున్న మిగతావాళ్ళ వాటా కూడా తినేస్తోంది, ఇలాగే ఉంటే తీసేస్తాం అని. తీసేస్తే రామలక్ష్మి టైపు చేసిన ప్రతి అక్షరం పోతుంది. బోటు దిగినవాడికి గుడివాడ సైటే మిగులుతుంది. ఎవరు పోయినా రేపు ఉదయమే.

రామలక్ష్మికి టైపు నేర్పింది షాహిదా. బందరులోనే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. నరసింహం అడగ్గానే వచ్చి కూర్చుంది. ముందు, దొంగ నెట్‌లో ఏ నంబరు నుంచి వస్తున్నాడో చూసి ఆ నంబరును ఆపింది. మర్నాటికి వేరే నంబరుతో వచ్చాడు. దాన్నీ ఆపింది. మళ్ళీ వచ్చాడు.

“ఇట్లా కాదన్నయ్యా” అంది షాహిదా. “మన సైటు వాకిట్లో ఒక బోర్డు పెడదాం. ఫలానా గదిలోకి, అంటే ఫలానా పేజీలోకి, బాట్‌లు రావద్దని. మర్యాద తెలిసినవి బోర్డు చదివి వెనక్కి పోతాయి. ఈ గుడివాడది బోర్డు చూసే రకం కాదు.”

“చూడకపోతే?”

“ఆ గదికి మనుషుల కంటికి కనపడని తలుపు పెడదాం. తెల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు. మనిషెవడూ నొక్కడు. నొక్కిందంటే అది బాటే. లోపల కాలుపెట్టి, దొరికింది పట్టుకుని బయటికి రాగానే సైటంతా దానికి మూసుకుపోతుంది. రేపు ఇంకో నంబరుతో వచ్చినా మళ్ళీ ఆ గదిలోనే పడుద్ది.”

“గదిలో ఏం పెడతావు?”

“ఏం పెట్టను. ఖాళీ.”

“ఖాళీ ఎందుకు? నేను పెడతాను.”

షాహిదా అతని మొహం చూసింది. “అన్నయ్యా, తలుపు మూస్తే చాలదూ?”

“నీకు చాలు.”

నరసింహం పూర్ణచంద్రరావు ఫొటోను అతని సైట్లోంచే తీసుకున్నాడు. ఒంటివేలితో టైపు చేశాడు. గుడివాడ వాస్తవ్యులు, ప్రముఖ వార్తా వెబ్‌సైటు అధినేత పూర్ణచంద్రరావు గారు గుండెపోటుతో కన్నుమూశారు. తప్పుల్లేకుండా రాశాడు. ఫొటోకి దండ కూడా వేశాడు. వేళ మాత్రం రాయలేదు. ఆ పని అతని యంత్రమే చేస్తుంది.

చేసింది. బాట్ బోర్డు దాటి, కనపడని తలుపు తోసి, లోపలున్నది ఎత్తుకుపోయింది. గుడివాడ సైట్లో యజమాని చావు మొదటి పేజీలో వచ్చింది. ఆ సైటుకు చందా కట్టినవాళ్ళందరి సెల్‌ఫోన్లకూ మెసేజి వెళ్ళింది. అంత్యక్రియలు: రేపు ఉదయం.

మర్నాడు పూర్ణచంద్రరావు నోట్లో బ్రష్‌తో తలుపు తీసేసరికి వీధిలో దండలు పట్టుకుని జనం. తోట్లవల్లూరు నుంచి వ్యాను దిగి అతని తల్లి వెంకాయమ్మ గుండెలు బాదుకుంటూ వస్తోంది. వెనకాల అవనిగడ్డ నుంచి ఆమె తమ్ముళ్ళు. కొడుకు నురగ నోటితో నిలబడి ఉండటం చూసి ఆ ముసలావిడ ముందు రెండు చెంపలూ వాయించి, తర్వాత కావలించుకుని ఏడ్చింది.

మధ్యాహ్నానికి నరసింహానికి ఫోను వచ్చింది.

“మనిషివేనా నువ్వు? కేసు పెడతాను!”

“పెట్టు. రావద్దని బోర్డున్న గదిలో దూరి దొంగిలించానని రాసి సంతకం పెట్టు.”

అవతల ఫోను ఠప్పున పెట్టేశారు. ఆ పూట నరసింహం కడుపునిండా తిన్నాడు. రామలక్ష్మి పోయాక అన్నం రుచి తెలిసింది అప్పుడే. బాట్ వచ్చిన ప్రతిసారీ గదిలో పడుతోంది, పడ్డ ప్రతిసారీ తలుపు మూసుకుంటోంది. చివరికి రావడం మానేసింది. ‘తీరం కబురు’ నొక్కీ నొక్కగానే తెరుచుకుంటోంది.

ఆ సంతోషం వెంకాయమ్మ వచ్చేదాకే.

ఒకరోజు పొద్దున్నే వచ్చింది, చేతిలో చక్రకేళి అరటిపళ్ళ హస్తంతో. “బాబూ, కంప్యూటర్ల నరసింహం అంటే నువ్వేనా?” అని అడిగి కుర్చీలో కూలబడింది. “పూర్ణయ్య తల్లిని.”

నరసింహం లేచి నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చిందనుకున్నాడు. తిట్లు తినడానికి సిద్ధంగానే ఉన్నాడు.

“మావాణ్ణి ఆ నెల్లో కాకి నెత్తిమీద తన్నింది నాయనా. అది ప్రాణగండం. చావు కబురు పంపి అయినవాళ్ళని ఏడిపిస్తే దోషం పోద్ది. పంపరా అంటే ఇకిలించాడు. ఇప్పటోళ్ళు వింటారా? నువ్వు పంపావు. నన్ను ఏడిపించావు, మా తమ్ముళ్ళని ఏడిపించావు, గుడివాడంతా ఏడిపించావు. నా బిడ్డకి ఆయుష్షు పోశావయ్యా.”

“వాడు చావాలనే పెట్టానమ్మా” అన్నాడు నరసింహం.

వెంకాయమ్మ బోసినోటితో నవ్వింది. “ఎట్టా పెడితే ఏం? ఏడుపు ఏడుపేగా.” పైకి చూసింది. “ఆ చీర ఎవరికి బాబూ? రంగు బాగుంది.”

“ఎవరికీ కాదు.”

ఆమె అతని తలమీద చెయ్యి పెట్టి దీవించి వెళ్ళింది. బస్సు కదలగానే నరసింహం ఆ అరటిపళ్ళను బయట తిరిగే మేకలకు పడేశాడు. విషం పెడితే అమృతమైంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

కానీ పూర్ణచంద్రరావు ఊరుకునే మనిషి కాడు. కాకి తన్నినవాళ్ళ కోసం తన సైట్లో ప్రత్యేకంగా ఒక పేజీ తెరిచాడు. తన్నించుకున్నవాళ్ళు పేరూ ఫొటో ఇస్తే చాలు, నిజం కబురులాగే వేసి అందరికీ మెసేజి పంపుతాడు. దోషం పోయాక అబద్ధమని ఇంకో మెసేజి. జనం ఎగబడ్డారు. మొదట్లో చుట్టాలు ఏడ్చుకుంటూ వచ్చేవారు. తర్వాత ఫోన్లు చేసి కనుక్కునేవారు. ఆ తర్వాత గుడివాడ సైట్లో ఎవరు పోయినా, “కాకి తన్నినట్టుంది” అని నవ్వుకుని పనులు చూసుకునేవారు. ఫోన్లో ఏడ్చి చెప్పినా, “బాగా ఏడుస్తున్నావురా” అనేవారు. వెంకాయమ్మే తనను కాకి తన్నిందని ఒకసారి కబురు వేయించుకుంది. తమ్ముళ్ళు పరుగున వచ్చి, వాకిట్లో మినుములు చెరుగుతున్న అక్కను చూసి తిట్టిపోశారు.

నరసింహం ఇదంతా చూస్తూ ఉన్నాడు. నిజం తెలియాలంటే జనం ‘తీరం కబురు’ తెరిచేవారు. అందులో ఉంటే పోయినట్టు. లేకపోతే లేదు.

ముసురు పట్టిన ఒక ఉదయం ఫోను మోగింది.

“నరసింహం గారూ...” అది పూర్ణచంద్రరావు గొంతు. “మా అమ్మ పోయిందండీ. తెల్లారగట్ల.”

నరసింహం కీబోర్డును పక్కకి జరిపాడు.

“నా సైట్లో వేశాను. ఒక్కరూ నమ్మట్లేదు. మా మావయ్యలకి ఫోను చేస్తే, మళ్ళీ తన్నిందా అంటున్నారు. వెళ్ళి పిలుచుకొద్దామంటే ఇంట్లో మగదిక్కు నేనొక్కణ్ణే. తమ్ముళ్ళ భుజం మీద పోవాలని అమ్మ ఎప్పుడూ అనేదండీ. ఈ వానలో రాత్రిదాకా ఉంచలేం, సాయంత్రంలోపు ఎత్తెయ్యాలంటున్నారు పెద్దలు. మీ దాంట్లో ఒక్క ముక్క వెయ్యండి. మీరు వేస్తే నమ్ముతారు.”

కంప్యూటర్ తెర మీద ‘తీరం కబురు’ తెరిచే ఉంది. నరసింహం దానివంక చూశాడు. పైన అరలో చీర వంక చూశాడు.

“సైటు తెరుచుకోవడం లేదండీ” అన్నాడు.

“నా ముందు తెరిచే ఉందండీ! చూస్తూనే ఉన్నాను.”

“మీకు తెరుచుకుంటుంది. నాకు తెరుచుకోదు.”

“నేను చేసింది తప్పే. కాళ్ళు పట్టుకుంటాను. ఆవిడ మిమ్మల్ని దీవించి వచ్చిందండీ.”

“కంగారెందుకండీ?” అన్నాడు నరసింహం. “మీ సైట్లో ఉందిగా. రేపు ఉదయం అని.”

ఫోను పెట్టేశాడు. మళ్ళీ మోగింది. మోగనిచ్చాడు.

సాయంత్రం వెంకాయమ్మను అద్దెమనుషులు మోశారు. అవనిగడ్డ తమ్ముళ్ళకు అనుమానం తగిలి మర్నాడు ఉదయం వచ్చారు. వచ్చేసరికి చితి మీద వాన పడుతోంది.

ఆ వారం షాహిదా సెంటర్‌కి వచ్చింది. గుడివాడలో వాళ్ళ అక్క ఉంది. అంతా తెలిసే వచ్చింది. కూర్చోలేదు.

“ఆ ముసలావిడ నీకేం చేసిందన్నయ్యా?”

నరసింహం టైపు చేస్తూనే ఉన్నాడు. కృత్తివెన్నులో ఎవరో పోయారు. వేళ రెండుసార్లు అడిగి కనుక్కున్నాడు.

“రామలక్ష్మి ఉంటే వేసేది” అంది షాహిదా.

అతని వేలు ఆగింది.

“ఉంటే ఈ గొడవే లేదు” అన్నాడు. “షాహిదా, ఇంతటితో సరి. ఈ సంగతి ఇక నా దగ్గర ఎత్తకు. నువ్వే కాదు, రాము వచ్చి అడిగినా చెప్పను. నేను చచ్చేదాకా దీని గురించి మాట్లాడను.”

మళ్ళీ కీబోర్డు మీదికి వంగాడు.