క్రిస్ప్స్ పెట్టెల మధ్య కోర్టు

గిరిజాకుమారి ఒక ట్రాలీ పిడి తుడిచి లోపలికి తోసి, మరో ట్రాలీ అందుకుంది. విదేశంలో, లూకన్ అనే ఊళ్లోని ఆ సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర కోవిడ్ వచ్చినప్పటి నుంచి ఆమె పని ఇదే. ఒకరు బయటికొస్తే ఒకరిని లోపలికి పంపాలి. మాస్కు లేనివాళ్లను ఆపాలి. పొట్టి మనిషి కావడంతో పసుప్పచ్చ సెక్యూరిటీ కోటు మోకాళ్ల దాకా దిగేది. శానిటైజర్‌కు వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి, చలిగాలి తగిలినప్పుడల్లా మండేది. మాస్కు పైనుంచి ఆమె కళ్లు మాత్రం వచ్చినవాళ్లందరినీ పలకరించేవి.

ఆ ఉదయం కళ్లు ఎవరినీ పలకరించలేదు. మాస్కు లోపల పెదవులు ఏదో వల్లె వేస్తున్నాయి.

నలభై ఆరేళ్ల వయసులో ఆమె దగ్గర్లోని కాలేజీలో క్రిమినల్ జస్టిస్ చదువుతోంది. కాలేజీ మూసేయడంతో పాఠాలన్నీ జూమ్‌లోనే. ఆ రోజు నమూనా కోర్టు పరీక్ష. దొంగతనం కేసులో ఇరుక్కున్న ఒక కల్పిత ముద్దాయి తరఫున వాదించాలి. పోయినసారి నోరు పెగలక తప్పింది. ఈసారీ తప్పితే మెయ్‌నూత్ యూనివర్సిటీలో సీటు మీద ఆశ వదులుకోవలసిందే.

కూతురు ఆశ్రిత ఫోన్ చేసింది. "మమ్, యూ విల్ బీ గ్రాండ్!"

"గ్రాండో గీండో, గుండె దడదడ కొట్టుకుంటుంది బిడ్డా."

లంచ్ బ్రేక్‌లో స్టాక్ రూమ్‌కు వెళ్లి, క్రిస్ప్స్, అంటే ఆలూ చిప్స్ పెట్టెల మీద ల్యాప్‌టాప్ తెరిచింది. కౌంటర్‌లో పనిచేసే బెజవాడ కుర్రాడు తోమా తలుపు బయట నిలబడ్డాడు.

"నేనున్నాగా అక్కా. ఎవర్నీ రానివ్వను."

తెర మీద జడ్జిగా టీచర్ కూర్చుంది. ప్రాసిక్యూటర్‌గా తోటి విద్యార్థి గడగడా చెప్పేశాడు. పర్సు పోయింది, ఆ గదిలోంచి వచ్చింది ముద్దాయే, పైగా పరుగెత్తింది.

గిరిజ వంతు వచ్చింది. వల్లె వేసిన ఇంగ్లీషు ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. టీచర్ ఓపిగ్గా చూస్తోంది.

అప్పుడు ఆమెకు నాన్న గుర్తొచ్చాడు. ఎవరిదో సైకిల్ పోయిందని గిరిజ తమ్ముడు రంగనాథ్‌ను పోలీసులు పట్టుకుపోయిన రోజు, ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని స్టేషన్ మెట్ల దగ్గర పొద్దుగూకేదాకా నిలబడ్డాడు. ఏమడగాలో తెలియక ఏమీ అడగలేకపోయాడు.

గిరిజ మాస్కు తీసేసింది.

"హూ సా హర్ టేక్ ఇట్?"

ఎవరూ చూడలేదు. ఆ గదిలోకి ఇంకెవరు వెళ్లారు? ఎవరూ ఆరా తీయలేదు. పర్సు ఆమె దగ్గర దొరికిందా? లేదు. భయపడిన మనిషి కూడా పరుగెత్తుతుందనీ, పరుగెత్తడం నేరం కాదనీ చెప్పి ముగించింది. ఇంగ్లీషులో కరీంనగర్ యాస అలాగే ఉంది. గొంతు మాత్రం వణకలేదు.

టీచర్ కళ్లద్దాలు తీసింది. "నాట్ గిల్టీ. బ్రిలియంట్, గిరిజా. యూ హావ్ పాస్డ్."

బయటికొచ్చిన ఆమెను చూసి తోమా కంగారుపడ్డాడు. "ఏమైందక్కా, ఏడుస్తున్నారు?"

"గెలిచిన తమ్మీ! నేను గెలిచిన!"

బిస్కెట్ల అర దగ్గరున్న ముసలావిడ సంగతేమిటో తెలియకుండానే చప్పట్లు కొట్టింది. ఆ మధ్యాహ్నమంతా గుమ్మంలో అడుగుపెట్టిన ప్రతివాళ్లకూ గిరిజ కళ్లు పండగ కబురు చెప్పాయి.

యూనివర్సిటీలో సీటు రావడంతో సెప్టెంబరులో ఆమె ఉద్యోగం మానేసింది. చివరి రోజు హడావుడేమీ లేదు. ట్రాలీలు తుడిచి, గుమ్మం మరొకరికి అప్పజెప్పి, తోమా భుజం తట్టి, మెయ్‌నూత్ బస్సెక్కింది. క్యూ చివరిదాకా కనిపించాలని ఆమె రోజూ ఎక్కి నిలబడిన నీలిరంగు ప్లాస్టిక్ పాల క్రేటు గోడ పక్కన బోర్లించినట్టే ఉంది, దాని మీద చిన్న బూట్ల మట్టి ఇంకా తడారలేదు.