సుబ్బాయమ్మగారి పిల్లగాలి

ఐ.పోలవరం దగ్గర, గోదావరి గట్టు పక్కనే ఉన్న సురేంద్ర ఇంట్లో అందరికన్నా ముందు లేచేది వాళ్ళమ్మ సుబ్బాయమ్మ. లేచి ముఖం కడుక్కుని, పొయ్యి మీద ఇడ్లీపాత్ర ఎక్కించి, పచ్చడికి కొబ్బరి కోరుకుంటూ కూచునేది. ఆవిడ ఎటు వెళ్తే అటు వెనకాలే పిల్లగాలి వెళ్ళేది. పెరట్లోకి వెళ్తే తీగ మీద ఆరేసిన తువ్వాళ్ళు కదిలేవి. వంటింట్లోకి వస్తే గుమ్మానికున్న తెర ఊగేది. "పొయ్యి దగ్గరికి రాకు, మంట ఆరిపోద్ది" అంటే గుమ్మం బయటే ఆగిపోయేది.

అది ఆవిడ దగ్గరికి చేరింది తొంభై ఆరు తుఫానప్పుడు. అప్పుడు ఆవిడ భర్త సముద్రం మీద వేటకెళ్ళి ఉన్నాడు. మళ్ళీ రాలేదు. తుఫాను దాటిపోయాక, కప్పు లేచిపోయిన పశువుల పాకలో, తడిసిన గడ్డి మీద చిన్న గాలి ఒకటి ముడుచుకుని పడి ఉంది. పెద్దగాలితో పోలేక వెనకబడిపోయినట్టుంది. తరిమెయ్యమన్నారు ఊళ్ళోవాళ్ళు. సుబ్బాయమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"ఆయన్ని తీసుకుపోయింది పెద్దదండి. ఈ పిల్లదానికేం తెలుసు" అని కొంగు పరిచింది. చంకలో మూడేళ్ళ సురేంద్ర, కొంగులో గాలి. అలా ఇద్దర్నీ పెంచింది. సురేంద్ర పెరిగేడు. గాలి మాత్రం పిల్లగాలిగానే ఉండిపోయింది.

ఊరికి అది అలవాటైపోయింది. మినుములు తూర్పారబట్టే రోజుల్లో గాలి ఆడకపోతే, "సుబ్బాయమ్మొదినా, కాస్త మీ పిల్లని పంపుదురూ" అని కబురొచ్చేది. "పంపుతాను గానీ చీకటి పడకుండా ఇంటికి తోలెయ్యండి, అది లేకపోతే నాకు నిద్ర రాదు" అనేది ఆవిడ. అమలాపురం బస్సులో కండక్టరు ఆవిణ్ణి చూడగానే వెనక సీటు చూపించేవాడు. ముందు కూచుంటే టిక్కెట్లు ఎగిరిపోతాయని ఆయన బాధ.

సురేంద్ర కొన్నేళ్ళు దోహాలో పనిచేసేడు. అక్కడ శుక్రవారాలు తెల్లవారకుండానే సన్న టైర్ల సైకిళ్ళ మీద గుంపులుగా పోయేవాళ్ళని చూసి, మన కోనసీమలో ఇంతకంటే మంచి రోడ్లున్నాయి కదా అనుకున్నాడు. చుట్టూ నీళ్ళున్న దీవి, ఎక్కడా ఎత్తూపల్లం లేదు, చలికాలంలో కూడా బంగారంలాంటి ఎండ. తిరిగొచ్చి ఇంటి మీద గదులు వేయించి, సైకిలు తొక్కేవాళ్ళకి శిక్షణ శిబిరాలు మొదలుపెట్టేడు. వారం రోజులు ఉండడం, తినడం, తొక్కడం. వంట అమ్మది. శిక్షణ మత్తయి మాస్టారిది. ఆయన ఒకప్పుడు రైల్వే జట్టులో పందేలు తొక్కి, రిటైరై అమలాపురంలో స్థిరపడిన మనిషి.

ఆ జనవరి చివర్లో హైదరాబాదు నుంచీ విశాఖ నుంచీ కొంతమంది వచ్చేరు. మండపేట నుంచి రేవతి అని ఒకావిడ ఒక్కతే వచ్చింది. నలభై దాటిన వయసు, హైస్కూల్లో వ్యాయామం టీచరు.

మొదటిరోజు పొద్దున్న అందర్నీ వరసగా నిలబెట్టి మత్తయి చెప్పేడు. "ఇక్కడ కొండల్లేవని సంబరపడకండి. ఇక్కడ గాలే మన కొండ. ఎదురుగాలిలో ఒకరి చక్రం వెనక ఒకరు సర్దుకోవాలి. ముందున్నవాళ్ళు గాలిని కోస్తారు, వెనకవాళ్ళు ఊపిరి తీసుకుంటారు. తర్వాత వంతు మారాలి. ఎవరి వంతు వాళ్ళు ముందుకి రావాలండి."

తర్వాత వంటింటి వైపు తిరిగి, "అమ్మగారూ, మీ పిల్లగాలి మాత్రం మా వెనక రాకూడదండి. అది తోసేస్తే వీళ్ళ కాళ్ళకి ఏం పని ఉంటుంది?" అన్నాడు.

"ఆయ్, రాదండి. నేను చెప్తాను" అంది సుబ్బాయమ్మ.

రోజుకో దారి. ఒకనాడు ఎదుర్లంక వంతెన దాటి యానాం. ఒకనాడు కొత్తపేట మీదుగా వాడపల్లి దాకా పోయి, వెంకన్నకి దణ్ణం పెట్టుకుని వెనక్కి. కాలవ గట్ల మీద ఇద్దరిద్దరుగా పోతుంటే కొబ్బరాకుల నీడలూ ఎండా చారలు చారలుగా వీపుల మీంచి జారిపోయేవి. రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిమ్మే చక్రాలు తిరుగుతుండేవి. రెండో పంటకి దాళ్వా నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూసేవారు. మధ్యాహ్నానికి అందరూ ఇల్లు చేరి, ఆవురావురుమని తిని, చాపల మీద కాళ్ళు చాపేసేవారు.

రేవతి రోజూ అందరికన్నా వెనకే వచ్చేది. మధ్యమధ్యలో దిగిపోయి పడవలకీ కొంగలకీ ఫొటోలు తీసేది.

"ఫొటోలు ఎక్కువైపోతున్నాయండి" అన్నాడు మత్తయి ఒకరోజు.

"చూడ్డానికే కదండీ వచ్చింది" అని నవ్వేసింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోవడం వాకిట్లో నీళ్ళు తోడుతున్న సుబ్బాయమ్మ చూసింది.

ఆ సాయంత్రం వేణ్ణీళ్ళ కోసం రేవతి వంటింట్లోకి వచ్చి పీట మీద కూచుంది. గుమ్మం బయట ఉన్న పిల్లగాలి, పిలవకుండానే లోపలికొచ్చి, ఆవిడ చుట్టూ తిరిగి, ముఖం దగ్గర ఆగింది. నుదుటి మీద వెంట్రుకలు లేస్తూ పడుతూ ఉన్నాయి.

"నేను పంపితే తప్ప ఎవరి దగ్గరికీ పోదమ్మా ఇది. నీకేమైనా బాగోలేదా?" అంది సుబ్బాయమ్మ.

రేవతి గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుంది. తర్వాత చెప్పింది. కరోనాలో చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉందట. బతికింది గానీ ఊపిరితిత్తులు కింది సగం గట్టిపడిపోయేయి. ఇన్‌హేలరు జేబులో లేకుండా గడప దాటదు.

"బళ్ళో విజిల్ ఊదలేకపోతున్నానండి, పిన్నిగారూ. చెయ్యెత్తుతాను, పిల్లలు పరిగెడతారు. పాపం వాళ్ళు ఎవరితోనూ అనలేదు. మా హెడ్మాస్టరుగారే కనిపెట్టేరు. గ్రౌండు వదిలేసి లైబ్రరీ చూసుకోమ్మా, ఎండలో నిలబడక్కర్లేదు అన్నారు. మంచికే అన్నారు. సెలవు నుంచి వచ్చి చెప్తానన్నాను."

"మాస్టారికి తెలుసా?"

"తెలిస్తే సైకిలు దింపి వ్యానెక్కించేస్తారు. చెప్పకండి. ఆదివారం అంతర్వేది రైడు ఒక్కటీ చెయ్యనివ్వండి. చిన్నప్పుడు జిల్లా పోటీల్లో మొదట వచ్చేదాన్ని. నేనింకా గ్రౌండు మనిషినో కాదో ఆ రోజు తేలిపోద్ది."

సుబ్బాయమ్మకి అది నచ్చలేదు. చెప్పాలమ్మా అని ఒకటికి రెండుసార్లు అంది. రేవతి తల అడ్డంగా ఊపింది. చివరికి ఆవిడ కొడుకు దగ్గరికి వెళ్ళి, "ఆదివారం నేనూ వ్యానులో వస్తాన్రా. పులిహోర నా చేత్తోనే వడ్డించాలి" అంది.

అంతర్వేది అంటే దీవి ఈ కొస నుంచి ఆ కొసకి. ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు దాటి సముద్రం దాకా. పోనూ రానూ నూట యాభై కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు ఈశాన్యం గాలి వీపు మీద చెయ్యేసినట్టు తోసింది. రేవతి ఎక్కడా వెనకబడలేదు. హైదరాబాదు నుంచి వచ్చిన మణికంఠ అనే కుర్రాడు అందరికంటే వేగంగా తొక్కుతాడు. అతని వెనకే పట్టుదలగా వచ్చి, సముద్రం కనపడగానే బూట్లు విప్పేసి ఇసకలో కూలబడి, పిల్లలా నవ్వింది. సుబ్బాయమ్మ పులిహోర రెండోసారి వడ్డించింది. మనసులో అనుకున్నంత ప్రమాదం లేదేమో అనుకుంది.

తిరుగు దారిలో ఆ గాలే ముఖాన కొట్టింది. రాజోలు దాటేసరికి ఎవరూ మాట్లాడ్డం లేదు. వంగి, వరసగా, ఒకరి చక్రం వెనక ఒకరు. వంతు వంతుకీ ముందున్నవాళ్ళు పక్కకి తప్పుకుని వెనక్కి వెళ్తున్నారు. రేవతి వంతు వచ్చింది. మత్తయి వద్దన్నట్టు చేత్తో సైగ చేసేడు. ఆవిడ చూడనట్టే ముందుకెళ్ళింది. కొంచెంసేపు గాలిని కోసింది. తర్వాత పక్కకి తప్పుకుంది. వరస మొత్తం ఆవిణ్ణి దాటి వెళ్ళిపోయింది, ఆవిడ మళ్ళీ దాని చివరని అందుకోలేకపోయింది.

మణికంఠ వెనక్కి తిరిగి చూసి ఆగేడు. అతను చేరేసరికి సైకిలు కాలవ గట్టు మీద గడ్డిలో పడి ఉంది. రేవతి మోకాళ్ళ మీద కూచుని ఇన్‌హేలరు నొక్కుతోంది, మళ్ళీ నొక్కుతోంది. పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగేయి.

"మేడమ్, పడుకోండి. నేనున్నానండి" అంటూ అతను సురేంద్రకి ఫోను చేసేడు.

వ్యాను ఎంతో దూరంలో లేదు. సురేంద్ర దిగుతూనే అంబులెన్సుకి చెప్పేడు. అమలాపురం నుంచి రావాలి, కొంత టైము పడుతుంది అన్నారు. మత్తయీ మిగతావాళ్ళూ వెనక్కి తిరిగొచ్చేరు. మత్తయి ఆవిడ చేతిలో ఇన్‌హేలరు చూసి, పక్కన కూచుని, ఆవిడ జెర్సీ మెడ దగ్గర జిప్పు కిందికి లాగేడు.

సుబ్బాయమ్మ గట్టెక్కి వచ్చి రేవతి తల ఒళ్ళోకి తీసుకుంది. ఆ ఛాతీ ఎగురుతోంది గానీ లోపలికి ఏమీ పోవడం లేదు. ఆవిడతో పాటే వ్యాను దిగిన పిల్లగాలి కొంచెం ఎడంగా గడ్డిలో నిలబడింది. గడ్డి వణుకుతోంది.

"ఇలా రా" అంది సుబ్బాయమ్మ.

అది వచ్చి ఆవిడ కొంగు పట్టుకుంది.

"నన్ను కాదే. ఈ అమ్మాయికి గాలి అందట్లేదు. నువ్వు లోపలికెళ్ళు. వెళ్ళి కాస్త చోటు చెయ్యి."

అది కదల్లేదు. వెళ్తే రావడం ఉండదని ఆవిడకీ తెలుసు. పశువుల పాకలోంచి తెచ్చుకున్న నాటి నుంచీ ఆ చల్లదనం వీపు మీంచి ఒక్క పూట తప్పలేదు. ఆవిడ కొంగు మెల్లగా సర్దుకుని, వేళ్ళతో గాలిని దువ్వింది.

"నేనుంటాన్లే. నాకు కొడుకున్నాడు. వెళ్ళు తల్లీ."

కొంగు ఒకసారి లేచి పడింది. గడ్డి కదలడం ఆగిపోయింది. రేవతి పెదవులు విడివడి, ఛాతీ పైకి లేచింది, అలా లేస్తూనే ఉంది. ఎన్నేళ్ళనుంచో మూసి ఉన్న గదులన్నీ ఒక్కొక్కటీ తెరుచుకుంటున్నట్టు లోపలెక్కడో చప్పుడైంది. ఊపిరి వదిలింది. మళ్ళీ తీసుకుంది. పెదవుల రంగు మారింది. కళ్ళు తెరిచి పైన కొబ్బరాకుల్ని చూసింది.

మత్తయి హెల్మెట్ తీసి పక్కన పెట్టి, అప్పుడు తనూ ఊపిరి పీల్చుకున్నాడు. మణికంఠ కొంచెం అవతలికి పోయి, అటు తిరిగి ముఖం తుడుచుకున్నాడు.

అంబులెన్సు వచ్చింది. అమలాపురం ఆస్పత్రిలో డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి ముందు వీపు విన్నారు, తర్వాత ఛాతీ విన్నారు. ఎక్సరే వెలుతురుకి పట్టి చూసేరు.

"మచ్చలున్నాయి గానీ వాటి మధ్యలోంచి గాలి బాగా ఆడుతోంది. లోపల కొబ్బరితోటలా చప్పుడొస్తోంది" అన్నారు.

"మా పిల్లగాలండి" అంది సుబ్బాయమ్మ.

"అదే అనుకున్నాను. ఆవిడకి ఇబ్బందేం లేదు, ఉండనివ్వొచ్చు. మీకు ఫర్వాలేదా?"

సుబ్బాయమ్మ కొంచెం ఆలోచించింది.

"ఫర్వాలేదండి" అంది.

మర్నాడు అందరూ ఆలస్యంగా లేచేరు. ఇడ్లీల దగ్గర ఎప్పుడూ లేనంత కబుర్లు. రాత్రే ఆస్పత్రి నుంచి వచ్చేసిన రేవతి ఎదురుగా మత్తయి కూచుని, "నాతో చెప్పాల్సిందండి" అన్నాడు.

"చెప్తే వ్యానెక్కించేస్తారని..."

"ఎక్కించేవాణ్ణే" అన్నాడు ఆయన. కాసేపు ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు గానీ నిలబెట్టుకోలేక నవ్వేసేడు. అందరూ నవ్వేరు. రేవతి నవ్వు అందరికన్నా చివరిదాకా సాగింది.

వెళ్ళిపోయే ముందురోజు డాక్టరుగారు సరేనన్నాక, చిన్న రైడు ఒకటి పెట్టుకున్నారు. రేవతి ముందు, మిగతావాళ్ళు వెనక. వంతు మారమని ఎవరు చెప్పినా ఆవిడ మారలేదు. ఆవిడ వెనకున్నవాళ్ళకి ఎదురుగాలి అన్నదే తగల్లేదు. "మాస్టారూ, మరి ఆ గాలి రాకూడదన్నారు కదా" అని అడిగేడు మణికంఠ. "నేనన్నది వెనక నుంచి తోసేదాని గురించండి. ఇది ఆవిడ సొంతం" అన్నాడు మత్తయి.

బయల్దేరే పొద్దున్న రేవతి సుబ్బాయమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టి లేవలేదు.

"మీది మీకు ఇచ్చెయ్యాలి పిన్నిగారూ. ఎలా ఇవ్వాలో నాకు తెలీట్లేదు."

సుబ్బాయమ్మ ఆవిణ్ణి భుజాలు పట్టి లేపింది. "ఆ పెద్దది నా ఇంట్లోంచి ఒకర్ని తీసుకెళ్ళిపోయిందమ్మా. ఈ పిల్లది ఒకర్ని తెచ్చి చేతిలో పెట్టింది. ఇంక ఆ పెద్దదాని మీద నాకు ఏ కోపమూ లేదు. ఉంచుకో."

అందరూ వెళ్ళిపోయేరు. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. సుబ్బాయమ్మకి చెమట పట్టింది. ఇదేమిటా అని చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకుంది. సురేంద్ర ఆవిడ గదిలో ఫ్యాను బిగించేడు. అది తిరుగుతోంది గానీ, లేచి పెరట్లోకి వెళ్తే వెంట రాదు. కొన్నాళ్ళు సరిగా నిద్రపోలేదు. ఆ అమ్మాయి ఎలా ఉందో, అది అక్కడ కుదురుగా ఉందో, కొత్త చోటని ఏడుస్తోందో అని ఆలోచించేది. ఫోను చెయ్యడానికి మొహమాటపడింది.

ఒక మధ్యాహ్నం మండపేట నుంచి ఫోనొచ్చింది. వెనకాల పిల్లల గోల వినిపిస్తోంది.

"గ్రౌండులోంచే మాట్లాడుతున్నానండి" అంది రేవతి. రొప్పుతోంది, కానీ హాయిగా రొప్పుతోంది. "పిల్లలతో పాటు నేనూ పరిగెత్తేను. మా హెడ్మాస్టరుగారు వరండాలో నిలబడి చూసి లోపలికెళ్ళిపోయేరు. లైబ్రరీ ఇంకొకరికి ఇచ్చేరట."

"అలాగా" అంది సుబ్బాయమ్మ. తర్వాత, "అమ్మాయ్, ఫోను అలాగే పట్టుకో. కాసేపేం మాట్లాడకు" అంది.

రేవతికి అర్థమైంది. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని ఊరుకుంది.

సుబ్బాయమ్మ కళ్ళు మూసుకుని వింది. ఊపిరి వస్తోంది, పోతోంది. తొందర లేదు, బెదురు లేదు. పిల్లల కేకల మధ్య, తన సొంత ఇంట్లో తిరుగుతున్నట్టు తిరుగుతోంది.

"బాగానే ఉంది" అంది చివరికి.

ఫోను పెట్టేసి, అరుగు మీద చాప పరుచుకుని పడుకుంది. సురేంద్ర కాఫీకి లేపుదామని వచ్చి చూసి, అమ్మ అంత గాఢంగా నిద్రపోయి చాలా రోజులైందని, లేపకుండా వెళ్ళిపోయేడు.